ఈమ్: ప్లేగు వచ్చినప్పుడు గిరి గీసుకున్న ఇంగ్లండ్ పల్లెటూరు – తరచుగా అడిగే ప్రశ్నలు

షెఫీల్డ్‌కో మాంచెస్టర్‌కో చదువుకోడానికి, ఉద్యోగానికి వచ్చిన తెలుగువాళ్ళు సెలవు దొరికితే పీక్ డిస్ట్రిక్ట్ కొండలకి వెళ్తుంటారు. చాట్స్‌వర్త్ ప్యాలెస్ చూసి, బేక్‌వెల్‌లో పుడ్డింగ్ తిని తిరిగొచ్చేస్తారు. ఆ చుట్టుపక్కలే ఈమ్ అనే చిన్న ఊరుంది. 1665–66లో ప్లేగు వచ్చినప్పుడు ఆ ఊరి జనం తమ చుట్టూ తామే గిరి గీసుకుని, జబ్బు పక్క ఊళ్ళకి పాకకుండా లోపలే ఉండిపోయారు. ఆ కథ గురించీ, ఆ చర్చి, ఆ కొండల గురించీ, ఇప్పుడక్కడ ఉంటున్న మనుషుల గురించీ ఎక్కువగా వచ్చే ప్రశ్నలకి ఇక్కడ జవాబులున్నాయి.

ఈమ్ ఎక్కడుంది? ఎంత పెద్ద ఊరు?

డెర్బీషైర్ జిల్లాలో, పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ లోపల ఉంది. 1951లో ఏర్పాటైన ఈ పార్క్ బ్రిటన్‌లోనే మొట్టమొదటి నేషనల్ పార్క్. షెఫీల్డ్ నుంచి నైరుతి దిక్కుగా కారులో అరగంట పైచిలుకు ప్రయాణం. జనాభా వెయ్యికి కాస్త అటూఇటూ. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి చాలామంది ‘ఎయామ్’ అంటారు. ఊళ్ళోవాళ్ళు ‘ఈమ్’ అంటారు, బస్సు డ్రైవర్‌తో కూడా అలాగే అనండి.

అంత మూలనున్న ఊరికి ప్లేగు ఎలా చేరింది?

1665లో లండన్ ప్లేగుతో అల్లాడుతోంది. ఆ ఒక్క ఏడాది ఆ నగరంలో అధికారిక లెక్కల్లో నమోదైన ప్లేగు చావులే 68 వేల పైచిలుకు. ఈమ్‌లో ఒక దర్జీ కోసం లండన్ నుంచి బట్టల పెట్టె వచ్చింది. దర్జీ దగ్గర పనిచేసే జార్జ్ వికర్స్ దాన్ని విప్పాడు. గుడ్డలు చెమ్మగా ఉంటే మంట దగ్గర ఆరబెట్టాడు. గుడ్డల మడతల్లో ఎలుకల ఒంటి మీద ఉండే, రక్తం పీల్చే చిన్న పురుగులు ఉండి ఉంటాయని, జబ్బు వాటితోనే వచ్చిందని ఇప్పుడు చెబుతారు. వికర్స్ కొద్దిరోజుల్లోనే జ్వరంతో పడిపోయాడు. సెప్టెంబరు 7న అతన్ని పూడ్చారు. వికర్స్ ఉంటున్న ఇల్లు మేరీ కూపర్ అనే ఆవిడది. తరవాత ఆవిడ కొడుకులిద్దరూ పోయారు, ఆవిడ మాత్రం బతికింది. ఆ ఇల్లు ఇప్పటికీ చర్చికి కాస్త పడమరగా వీధి పక్కనే ఉంది. గోడకి ఆకుపచ్చ పలక మీద ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు రాసి పెట్టారు. ఆ ఇంట్లో ఇప్పుడూ ఎవరో కాపురం ఉంటున్నారు. కిటికీలోంచి లోపలికి తొంగి చూడొద్దు.

శరదృతువులో ఒక్కొక్కరే పోయారు. చలికాలంలో జబ్బు నెమ్మదించింది. వసంతం వచ్చాక పీడ విరగడైపోయిందనే అనుకున్నారు. 1666 జూన్‌లో అది మళ్ళీ లేచింది. ఈసారి ఊరు ఊరంతా అంటుకుంది.

గిరి గీసుకోవాలన్న ఆలోచన ఎవరిది?

చాలా చోట్ల విలియం మాంపెసన్ అనే పాస్టర్ పేరొకటే కనిపిస్తుంది. నా దృష్టిలో అది సగం కథ. మాంపెసన్ ఊరికి కొత్త. 1664లో వచ్చాడు, వయసు ముప్ఫై లోపే. అతనికి ముందున్న పాస్టర్ థామస్ స్టాన్లీ ప్యూరిటన్ భావాల మనిషి, అంటే చర్చిలో ఆడంబరాలు, తంతులు వద్దనే రకం. 1662లో వచ్చిన చట్టం ప్రకారం కొత్త ప్రార్థన పుస్తకానికి ఒప్పుకోనన్నందుకు అతని పదవి పోయింది. అయినా జనానికి గురి అతని మీదే. కొత్తాయన మాట వినాలంటే పాతాయన కూడా ఊ కొట్టాలి. మత విషయాల్లో ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం. అలాంటివాళ్ళిద్దరూ 1666 జూన్‌లో కలిసి నిలబడి ఊరికి ఒకే మాట చెప్పారు. ఆ ఇద్దరూ చేతులు కలపకపోయి ఉంటే ఊరు కదిలేది కాదని నా నమ్మకం. స్టాన్లీ 1670లో ఈమ్‌లోనే పోయాడు. చర్చి ఆవరణలో అతని గుర్తుగా ఒక రాయి ఉంది. ఆగి చూడండి.

ఏమేం కట్టడులు పెట్టుకున్నారు?

ముఖ్యంగా మూడు.

మొదటిది, చనిపోయినవాళ్ళని చర్చి సమాధుల తోటకి తేకూడదు. ఎవరింటి శవాన్ని వాళ్ళే, పెరట్లోనో పొలంలోనో వెంటనే పూడ్చాలి. ఆనాటి క్రైస్తవులకి ఇది ఎంత కష్టమైన మాటో తలుచుకోండి. పవిత్రమైన నేలలో, ప్రార్థనతో, ఊరందరి ముందు సాగనంపించుకోవడం వాళ్ళకి ప్రాణంతో సమానం.

రెండోది, చర్చికి తాళం. ఆరాధన ఊరి దక్షిణాన ఉన్న కక్లెట్ డెల్ఫ్ అనే పచ్చటి లోయలో, ఆరుబయట. అక్కడ సున్నపురాయి కొండలో సహజంగా ఏర్పడ్డ కమాను లాంటి గుహ ఉంది. దాని దగ్గర నిలబడి మాంపెసన్ వాక్యం చెప్పేవాడు. కుటుంబాలు వేటికవి ఎడంగా గడ్డి మీద నిలబడేవి.

మూడోది, ఊరి పొలిమేర ఎవరూ దాటకూడదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు.

నిజంగా ఇష్టపడే ఉన్నారా, బలవంతంగా ఉంచారా?

ఈ ప్రశ్న అందరికంటే ఎక్కువగా చరిత్రకారులే అడిగారు, అడగాల్సిందే కూడా. పొలిమేరలో సైనికులు కాపలా లేరు. ఆ రోజుల్లో పట్టణాల్లో ప్లేగు సోకిన ఇంటికి అధికారులే తాళం వేసి, బయట కావలివాణ్ణి పెట్టేవాళ్ళు. ఈమ్‌లో అలా జరగలేదు.

కానీ అందరికీ ఒకే రకం స్వేచ్ఛ ఉందనడం కూడా నిజం కాదు. కలిగినవాళ్ళు కొందరు ముందే వెళ్ళిపోయారు. మాంపెసన్ దంపతులు కూడా తమ ఇద్దరు పిల్లల్ని ముందుగానే బయటికి పంపేశారు. గొర్రెలు కాసుకునేవాడు, సీసం గనిలో దిగేవాడు ఎక్కడికి పోతాడు? ప్లేగు ఊరివాళ్ళని పక్క ఊళ్ళు రానివ్వవు. ఈమ్ నుంచి టైడ్జ్‌వెల్ సంతకి వెళ్ళిన ఒకావిడని గుర్తుపట్టి, జనం మీదపడి తరిమేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ప్రభువు తిండీ మందులూ పంపిస్తానన్నాడు, కానీ ఊరు దాటి రాకుండా ఉంటేనే.

అంటే నమ్మకం, గతిలేనితనం, పాస్టర్ల మాట, తిండి హామీ, ఇవన్నీ కలిసి ఆ నిర్ణయం అయింది. అంత మాత్రాన దాని విలువ తగ్గదు. రాత్రిపూట కొండ దాటి పారిపోదామనుకుంటే అడ్డుకునేవాడెవడూ లేడు. జూన్ నుంచి శరదృతువు దాకా, ఇంటి మీద ఇల్లు ఖాళీ అవుతున్నా, చాలా కొద్దిమంది తప్ప ఎవరూ ఆ పని చేయలేదు. పాస్టర్లు చెప్పడం ఒక ఎత్తు, ఆగస్టు నెలంతా ఆ మాట మీద నిలబడటం మరో ఎత్తు. నిలబడింది పేరూ ఊసూ లేని రైతులు, గని కూలీలు, వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు.

మరి తిండి, సరుకులు ఎలా?

పొలిమేర రాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు. దక్షిణాన స్టోనీ మిడిల్టన్ ఊరికి పోయే కాలిబాటలో ఒక పెద్ద బండ ఉంది. దానికి ఆరు గుంటలు తొలిచి ఉన్నాయి. ఆ గుంటల్లో వెనిగర్ పోసి, డబ్బు నాణేలు అందులో వేసేవాళ్ళు. వెనిగర్‌లో జబ్బు చస్తుందని వాళ్ళ నమ్మకం. అవతలి ఊరివాళ్ళు వచ్చి నాణేలు తీసుకుని, రొట్టె, మాంసం, కావలసినవి ఉంచి వెళ్ళేవాళ్ళు. మనిషికీ మనిషికీ మధ్య కనీసం ఒక పొలమంత ఎడం.

ఆ బండని తప్పకుండా వెళ్ళి చూడండి. ఊరి నుంచి పావుగంట నడక, గొర్రెల మేతల మధ్య బాట. గుంటల అంచులు మూడున్నర శతాబ్దాలుగా చేతులు తగిలి నున్నగా అరిగిపోయాయి. వచ్చినవాళ్ళు ఇప్పటికీ చిల్లర నాణేలు వేసి పోతారు. వాన పడితే గుంటలు నీళ్ళతో నిండి, అడుగున పెన్నీలు కనిపిస్తుంటాయి. ఊరికి ఉత్తరాన కొండ మీద ఇలాంటిదే ఇంకో చోటుంది, మాంపెసన్ బావి అంటారు. బావి అంటే మన గిలక బావి ఊహించుకోకండి. చిన్న ఊట, దాని మీద రాతి కప్పు, చుట్టూ కంచె. అక్కడ పారే నీళ్ళలో నాణేలు కడిగేవాళ్ళట.

ఎంతమంది చనిపోయారు?

మాంపెసన్ 1666 నవంబరులో రాసిన ఉత్తరంలో 76 కుటుంబాలకి జబ్బు సోకిందని, 259 మంది పోయారని ఉంది. ఊళ్ళో సాధారణంగా 260 అంటారు. 14 నెలలు సాగింది. ఒక్క 1666 ఆగస్టులోనే 70 మందికి పైగా పోయారు.

ఊళ్ళో మొత్తం ఎంతమంది ఉండేవాళ్ళన్న దాని మీద మాత్రం లెక్కలు మారాయి. పాత పుస్తకాల్లో 350 అని ఉండేది, అలా అయితే నలుగురిలో ముగ్గురు పోయినట్టు. పన్ను చిట్టాలు, చర్చి రిజిస్టరు పోల్చి చూసిన తరవాతి పరిశోధకులు జనాభా 700 లేదా ఇంకా ఎక్కువ అంటారు. ఆ లెక్కన ముగ్గురిలో ఒకరు. పాత అంకె ఇంకా చాలా చోట్ల కనిపిస్తుంది, జాగ్రత్తగా చదవండి. ముగ్గురిలో ఒకరన్నా అది చిన్న దెబ్బేమీ కాదు.

రైలీ గ్రేవ్స్ అంటే ఏమిటి?

ఊరికి తూర్పున అర మైలు దూరంలో, కొండవాలు మీద, పొలం మధ్యలో గుండ్రటి రాతి గోడ ఒకటుంది. లోపల ఏడు సమాధి రాళ్ళు. అవన్నీ హ్యాన్‌కాక్ అనే ఒకే కుటుంబానివి.

1666 ఆగస్టు 3 నుంచి 10 మధ్య ఎలిజబెత్ హ్యాన్‌కాక్ తన భర్త జాన్‌నీ, ఆరుగురు పిల్లల్నీ పోగొట్టుకుంది. ఎనిమిది రోజుల్లో ఏడుగురు. గొయ్యి తవ్వడానికి తోడు ఎవరూ రారు, రాకూడదు. ఒక్కో శవానికీ గుడ్డ కట్టి, ముక్కూ నోరూ మూసుకుని, ఇంటి నుంచి పొలంలోకి తనే ఈడ్చుకెళ్ళి, తనే తవ్వి పూడ్చింది. ఎదురుగా లోయ అవతలి కొండ మీద నుంచి స్టోనీ మిడిల్టన్ జనం ఇదంతా చూస్తూ నిలబడ్డారని చెబుతారు. దగ్గరికి వచ్చే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ బతికింది. తరవాత షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటున్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది.

రాళ్ళు ఇప్పుడున్న చోటే శవాలున్నాయని అనుకోనక్కర్లేదు, కొన్నిటిని తరవాత జరిపి ఒకచోట చేర్చారు. ఈ స్థలం ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఈమ్‌లో ఒక్క చోటుకే వెళ్ళే టైం ఉంటే ఇక్కడికే వెళ్ళమంటాను. గోడ దగ్గర నిలబడితే లోయంతా కనిపిస్తుంది. అవతలి కొండ ఎంత దగ్గరో చూస్తే, అక్కడి నుంచి చూసినవాళ్ళకి ఏమేం కనిపించి ఉంటుందో తెలుస్తుంది.

మాంపెసన్ ఏమయ్యాడు?

భార్య క్యాథరిన్ అతనితోనే ఊళ్ళో ఉండిపోయింది. 1666 ఆగస్టు 25న ఆవిడ పోయింది. ఊళ్ళో అందరూ పొలాల్లో పూడ్చుకుంటున్నా ఆవిడ సమాధి మాత్రం చర్చి ఆవరణలోనే ఉంది, సాక్సన్ శిలువ అనే పాతకాలపు రాతి శిలువకి దగ్గర్లో. మాంపెసన్ 1669లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఈక్రింగ్ అనే ఊరికి మారాడు. ప్లేగు ఊరి నుంచి వచ్చాడని అక్కడి జనం హడలిపోయి ఊళ్ళోకి రానివ్వలేదు. కొంతకాలం దగ్గర్లోని తోటలో గుడిసె వేసుకుని, చెట్టు కింద నిలబడి వాక్యం చెప్పాడట. 1709లో చనిపోయాడు.

ఎమ్మట్, రోలండ్‌ల ప్రేమకథ నిజమేనా?

ఎమ్మట్ సిడాల్ ఈమ్ అమ్మాయి, రోలండ్ టోర్ స్టోనీ మిడిల్టన్ అబ్బాయి. పెళ్ళి కుదిరింది. లోయలో అటొకరు ఇటొకరు నిలబడి చూసుకునేవాళ్ళు. ఒకరోజు నుంచి ఆ అమ్మాయి రావడం మానేసింది. గిరి తీసేశాక ఊళ్ళోకి మొదట పరిగెత్తుకొచ్చినవాళ్ళలో రోలండ్ ఒకడంటారు. ఎమ్మట్ 1666 ఏప్రిల్‌లో పోయినట్టు రిజిస్టరులో ఉంది. మిగతాదంతా ఊరి నోట నిలిచిన కథ. చాలా కథలు 19వ శతాబ్దంలో పుస్తకాలకెక్కినవే, కాబట్టి చిలవలు పలవలు కొంత కలిసే ఉంటాయి. అలా అని కొట్టిపారేయబుద్ధి కాదు. ఊళ్ళోవాళ్ళు ఈ జంట గురించి చుట్టాల గురించి మాట్లాడినట్టే మాట్లాడతారు.

గిరి గీసుకోవడం వల్ల లాభం జరిగిందా? సైన్స్ ఏమంటుంది?

పక్క ఊళ్ళకి జబ్బు పాకలేదు. ఇది ఎవరూ కాదనని మాట.

ఊళ్ళోవాళ్ళకి మాత్రం నష్టం ఎక్కువైందా అన్నది పాత వాదన. 1665లో జబ్బు ఎలా వ్యాపిస్తుందో ఎవరికీ తెలియదు. గాలి చెడిందనుకునేవాళ్ళు. అసలు సంగతి తెలియడానికి రెండు శతాబ్దాలు పైనే పట్టింది, దాంట్లో మన ఉపఖండానికి పెద్ద భాగమే ఉంది. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ అనే శాస్త్రవేత్త ఈ సూక్ష్మజీవిని కనిపెట్టాడు. 1896లో బొంబాయిలో ప్లేగు చెలరేగింది, అక్కడి నుంచి దేశమంతా పాకి లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టర్ జబ్బు చేసిన ఎలుక నుంచి ఇంకో ఎలుకకి ప్లేగును చేరవేస్తున్నది వాటి ఒంటి మీద పురుగులేనని ప్రయోగం చేసి చూపించాడు. చంకల్లో, గజ్జల్లో బిళ్ళలు కట్టే ప్లేగు అలా వస్తుందని అప్పుడే తెలిసింది.

అది తెలిశాక కొందరు, మనుషులు ఎంత ఎడంగా ఉన్నా ఎలుకలు ఉంటాయి కదా, మరి ఈ గిరి ఏం ఆపింది అని అడిగారు. 2016లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులిద్దరు ఈమ్ రిజిస్టరులోని ప్రతి చావు తేదీనీ, ఇంటినీ పట్టుకుని లెక్క కట్టారు. నాలుగింట మూడు వంతుల కేసులు మనిషి నుంచి మనిషికే, అదీ ఎక్కువగా ఒకే ఇంట్లోవాళ్ళకి సోకినట్టు తేలింది. పేలు లాంటి మనుషుల ఒంటి మీది పురుగుల వల్ల కూడా కావచ్చు. అంటే మనుషుల్ని ఆపితే జబ్బు ఆగుతుందన్న వాళ్ళ అంచనా, కారణం తెలియకపోయినా, తప్పు కాదు. అదే ఏడాది లండన్‌లో రైల్వే తవ్వకాల్లో బయటపడ్డ 1665 నాటి ఎముకల్లో ప్లేగు సూక్ష్మజీవి డీఎన్ఏ దొరికింది. అది ప్లేగు కాదేమో అన్న అనుమానం దాంతో తీరింది.

కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో ఈమ్ పేరు మళ్ళీ ప్రపంచమంతా పత్రికలకెక్కింది.

ఈమ్ జనానికి ప్లేగును తట్టుకునే జన్యువు ఉందట, నిజమా?

ఆ ఊరి పాత కుటుంబాల వారసుల్లో సీసీఆర్5 అనే జన్యువులో ఒక మార్పు ఎక్కువగా ఉందని, దానివల్లే వాళ్ళ పూర్వీకులు బతికారని ఒక అమెరికన్ శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఆ మార్పు హెచ్ఐవీని అడ్డుకుంటుందన్నది రుజువైన సంగతే. ప్లేగు విషయంలో మాత్రం తరవాత ఎలుకల మీద చేసిన ప్రయోగాలు దీన్ని సమర్థించలేదు. వీడియోల్లో దీన్ని తేలిపోయిన నిజంలా చెబుతారు, నమ్మకండి.

చర్చిలో ఏం చూడాలి?

సెయింట్ లారెన్స్ చర్చి ఊరి నడిబొడ్డున ఉంది. ఆవరణలోకి అడుగు పెట్టగానే సాక్సన్ శిలువ కనిపిస్తుంది. ఎనిమిదో శతాబ్దం నాటిదంటారు. అంటే ప్లేగు వచ్చేనాటికే దానికి తొమ్మిది వందల ఏళ్ళు. కాండంలో కొంత భాగం పోయింది కాబట్టి పొట్టిగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూడండి, చేతుల మీద దేవదూతలు, కాండం మీద తీగలల్లికలు రాతిలో ఇంకా తెలుస్తాయి.

చర్చి గోడకి పైన 1775 నాటి ఎండ గడియారం ఉంది. దూరదేశాల నగరాల పేర్లు కూడా దాని మీద చెక్కారు, అక్కడ పొద్దు ఎంతయిందో ఇక్కడి నీడని బట్టి చెప్పొచ్చు. ఎండ వస్తేనే, ఈ కొండల్లో అది రోజూ జరిగే పని కాదు. లోపల పాత గోడ బొమ్మలు కొన్ని మిగిలాయి. 1665 అని చెక్కి ఉన్న కుర్చీ మాంపెసన్‌దంటారు. ప్లేగు కథంతా రంగుటద్దాల్లో చూపించే కిటికీ 1985లో పెట్టింది. చనిపోయినవాళ్ళ పేర్ల జాబితా కూడా అక్కడే ఉంది. నెమ్మదిగా చదివితే ఒకే ఇంటిపేరు వరుసగా కిందికి దిగుతూ పోవడం కనిపిస్తుంది.

క్రికెట్ ఇష్టపడేవాళ్ళు హ్యారీ బ్యాగ్‌షా సమాధి వెతకండి. డెర్బీషైర్ ఆటగాడు, తరవాత అంపైర్. 1927లో పోయాడు. రాయి మీద బంతి తగిలి ఎగిరిపోతున్న బెయిల్స్, పైన అవుటని చూపిస్తున్న అంపైర్ వేలు చెక్కారు.

ఊరు అలా ఒకే వరుసలో సాగి ఉండడానికి కారణం ఏమిటి?

నీళ్ళు. ఊరి దక్షిణం వైపంతా సున్నపురాయి. సుమారు 33 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ వెచ్చటి సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న గవ్వలే ఈ రాయి. వాన ఎంత పడినా పగుళ్ళలోంచి లోపలికి ఇంకిపోతుంది. ఉత్తరాన ఈమ్ ఎడ్జ్ అనే ఎత్తైన కొండ అంచు, ముదురు రంగు ఇసుకరాయి, దాని కింద నీటిని వదలని మట్టి పలకలు. ఈ రెండూ కలిసే గీత మీద ఊటలు బయటికొస్తాయి. జనం ఆ గీత వెంటే ఇళ్ళు కట్టుకున్నారు. 1588లోనే ఊటల నీళ్ళని గొట్టాల ద్వారా వీధి తొట్లకి తెచ్చుకున్నారు. పల్లెటూళ్ళో పంపునీళ్ళు అన్నమాట, ఇంగ్లండ్‌లో అంత పాతవి చాలా అరుదు. ఆ రాతి తొట్లు కొన్ని వీధి పక్కన ఇంకా ఉన్నాయి.

ఇళ్ళు ఆ రాయితోనే, పొలం గట్లు ఆ రాయితోనే. ఆ గోడల్లో సిమెంటు, సున్నం ఏమీ ఉండవు. రెండు వైపులా పెద్ద రాళ్ళు పేర్చి, మధ్యలో చిన్న ముక్కలు కూరి, అక్కడక్కడా గోడ ఇటు నుంచి అటు దాకా ఉండే పొడుగు రాయి వేసి కట్టిపడేస్తారు. పైన నిలువుగా రాళ్ళ వరుస. సూటిగా గీత గీసినట్టున్న గోడలు ఎక్కువగా 18, 19 శతాబ్దాల్లో ఉమ్మడి బీళ్ళని పంచినప్పుడు లేచినవి. ఊరి దగ్గర వంకరటింకరగా పోయేవి అంతకంటే పాతవి.

పొలాల్లో గుంటలు, దిబ్బలు కనిపిస్తే అవి సీసం గనుల గుర్తులు. సీసం వల్ల ఆ దిబ్బల మీద మామూలు గడ్డి సరిగ్గా పెరగదు. కానీ లెడ్‌వర్ట్ అనే చిన్న తెల్లపూల మొక్క, పసుపు రంగు కొండ పాన్సీ పూలు అక్కడే బాగా వస్తాయి. మే, జూన్ నెలల్లో వెళ్తే కళ్ళు చెదిరేలా ఉంటుంది. గుంటల అంచుకి మాత్రం పోకండి, పాత గని నోళ్ళు కొన్ని లోతుగా ఉంటాయి.

ఇప్పుడు ఊళ్ళో జీవితం ఎలా ఉంటుంది?

బడి ఉంది, అంగడి ఉంది, మైనర్స్ ఆర్మ్స్ అనే పాత పబ్ ఉంది. 1671లో కట్టిన ఈమ్ హాల్‌ని రైట్ కుటుంబం తరతరాలుగా చూసుకుంటోంది. దాని ఎదుట పచ్చిక మీద పూర్వం నేరస్థుల కాళ్ళు బిగించే చెక్క బొండ కనిపిస్తుంది. ఊరి మ్యూజియం పాత మెథడిస్ట్ చర్చి భవనంలో ఉంది, నడిపేది వాలంటీర్లే. పైకప్పు మీద గాలి దిక్కు చూపే సూచిక ఎలుక ఆకారంలో ఉంటుంది. చలికాలంలో మ్యూజియం మూసేస్తారు.

ఆగస్టు నెలాఖరు ఈ ఊరికి పెద్ద పండగ. డెర్బీషైర్‌లో నీటి ఊటల్ని పూలతో అలంకరించే ఆచారం ఉంది. చెక్క పలకల్ని నీళ్ళలో నానబెట్టి, వాటి మీద మెత్తటి బంకమట్టి అదిమి, కాగితం మీది బొమ్మని సూదితో పొడిచి మట్టిలోకి దింపుతారు. గింజలు, చిన్న కాయలతో గీతలు కట్టి, మధ్యలో ఒక్కొక్క పూరేకూ పైనుంచి పడ్డ వాన జారిపోయేలా కింది వరుస నుంచి పైకి పేరుస్తారు. ఊళ్ళో పిల్లాజెల్లా అందరూ రాత్రిళ్ళు కూడా కూర్చుని చేస్తారు. వారం దాటితే పూలు వాడిపోతాయి, అయినా ఏటా చేస్తారు. అదే రోజుల్లో కార్నివాల్, ఆరుబయట గొర్రె కాల్చడం ఉంటాయి.

ఆ నెల చివరి ఆదివారాన్ని ప్లేగు సండే అంటారు. చర్చి నుంచి ఊరేగింపుగా కక్లెట్ డెల్ఫ్‌కి వెళ్ళి ఆరుబయట ఆరాధన చేస్తారు. క్యాథరిన్ సమాధి మీద ఎర్ర గులాబీల దండ పెడతారు. ప్లేగు తగ్గి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా 1866 నుంచి ఈ ఆరాధన సాగుతోంది. ఎవరైనా వెళ్ళొచ్చు.

ఎలా వెళ్ళాలి? ఎంతసేపు పడుతుంది?

షెఫీల్డ్ నుంచి బస్సుంది, రోజుకి కొన్నే, తిరుగు బస్సు టైం ముందే చూసుకోండి. రైల్లో అయితే షెఫీల్డ్–మాంచెస్టర్ లైన్‌లో గ్రిండల్‌ఫోర్డ్ స్టేషన్‌లో దిగి, అడవిలోంచి, కొండెక్కి సుమారు మూడు మైళ్ళు నడవాలి. నడవగలిగితే ఇదే మంచి దారి.

చర్చి, ప్లేగు ఇళ్ళు, మ్యూజియం రెండు మూడు గంటల పని. పొలిమేర బండ, రైలీ గ్రేవ్స్ కూడా చూడాలంటే పూట పడుతుంది. బురదకి తగ్గ బూట్లు, వానకి జాకెట్ ఏ నెలలో అయినా ఉండాల్సిందే. బాట మధ్యలో గేటు తీస్తే మళ్ళీ మూసి రండి, గొర్రెలు బయటికొచ్చేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గొర్రెపిల్లలుంటాయి, కుక్కని తీసుకెళ్తే గొలుసుతో పట్టుకోవాలి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా?

బాగా తీసుకెళ్ళొచ్చు. ఇంగ్లండ్ బడుల్లో ఈ కథ పాఠంగా చెబుతారు కాబట్టి, మీ పిల్లలకి మీకంటే ముందే తెలిసి ఉండొచ్చు. మ్యూజియంలో ప్లేగు బిళ్ళలు కట్టిన మనిషి బొమ్మ దగ్గర మరీ చిన్నవాళ్ళు బెదరచ్చు. రైలీ గ్రేవ్స్ దగ్గర గోడ ఎక్కనివ్వకండి. పిల్లలకి ఎక్కువగా నచ్చేది పొలిమేర బండే, కాబట్టి జేబులో కొంచెం చిల్లర పెట్టుకుని వెళ్ళండి.